కెంపమ్మ ఇంట్లో మేత సద్దు

కెలమంగలం దాటి డెంకణికోట దారిలో కొంచెం దూరం పోతే, మల్బరీ తోట వెనకాల పొడుగాటి రేకుల ఇల్లు ఒకటి కనిపిస్తుంది. పొద్దు గూకినాక ఆ పక్క బండి మీద పోయేవాళ్లు ఆడికి రాగానే ముక్కు మూసుకుంటారు, వెనక్కి మాత్రం చూడరు. ముక్కు మూసుకునేది కంపుకి. వెనక్కి చూడనిది... లోపల వినిపించే సద్దుకి.

అది కెంపమ్మ పట్టుపురుగులు పెంచిన ఇల్లు. ఆఖరి పంటలో సగం పురుగులు గూళ్లు కట్టినాయి, సగం ఇంకా మేస్తా ఉన్నాయి. ఒకనాడు ఆకు వేస్తా వేస్తానే ఆయమ్మకి గుండె ఆగిపోయింది. తట్టల మధ్యనే పడిపోయింది. ఆ ఏడుపుల్లో పురుగుల సంగతి ఎవరికి గుర్తుంటుంది? అవి ఆకలితో చచ్చి, కుళ్లి, తట్టలకి అంటుకొని ఎండిపోయినాయి.

తర్వాత కొన్నాళ్లకి మొదలైందంట ఆ సద్దు. సన్నగా... ఆకుల మీద తుంపర పడినట్టు... వేల నోళ్లు ఒకేసారి మేస్తున్నట్టు. తలుపుకి తాళం. లోపల బతికిన పురుగు ఒకటీ లేదు. ఇంకేం, కెంపమ్మే వచ్చి ఆకు వేస్తా ఉందని ఊరంతా తేల్చేసింది.

ఈ కథ తెలియకుండానే ఆ గడప తొక్కింది రంజిత. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో డిజైన్ పని చేస్తుంది. ఆదివారమైతే చాలు, నాలుగైదు జీపుల గుంపుతో సూళగిరి పక్క గుట్టలెక్కడానికి పోతుంది. ఎప్పుడూ ఇంకొకరి బండిలో పక్క సీటే. ఆ పక్క సీటు మీద విసుగు పుట్టి, పాతదైనా సరే సొంతంగా ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొనాలని వెతుకుతా ఉండింది. జీపు అమ్ముతానని శ్రీరామప్ప అనే ఆయన ఫోన్‌లో పెట్టిన ఫోటో చూసి మనసు పారేసుకుంది.

"సాయంత్రం రండమ్మా, పగలంతా నాకు తోట పని" అన్నాడు ఆయన.

ఒక్కదాన్నే పోతానంటే అత్త జయలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "కొత్త ఊర్లో, కొత్త మనిషి దగ్గర బేరమా? నేనూ వస్తా పద" అని కారెక్కి కూర్చుంది.

వాళ్లు చేరేసరికి మబ్బుమబ్బుగా ఉంది. శ్రీరామప్ప తాళం తీసి, బండి పట్టేంత పెద్ద తలుపు నెట్టి... తాను మాత్రం గడప బయటే నిలబడినాడు.

కంపు ముఖాన కొట్టింది. కుళ్లిన ఆకు, ఎలుకల ఉచ్చ, పెయింటు — మూడూ కలిసిన కంపు. రంజిత చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకొని ఫోన్ లైటు వేసింది. గోడల పొడుగునా తట్టలు. తట్టల్లో నల్లగా, వేలు పొడుగున, ముడుచుకొని ఎండిపోయిన పురుగులు. కాలి కింద ఏదో పటపటమంటా ఉంది. ఏమిటో చూడకూడదనుకుంది. చూసింది. చెప్పుకి అంటుకున్నది గోడకి రాసి తుడుచుకుంది.

"ఇంత పాడు పెట్టుకొని ఉండావే, ఊడ్పించకూడదా అప్పా?" అంది జయలక్ష్మమ్మ.

"యాడమ్మా... ఇది మా వదిన ఇల్లు. ఆమె పోయినాక..." గొంతు తగ్గించినాడు. "ఆమె ఇంకా ఈడే ఉండాదంటారు. ఎక్కువసేపు ఉండొద్దు. బండి చూసుకొని బయటికి వచ్చేయండి."

"ఇంట్లో వాళ్లెవరూ లేరా ఆమెకి?"

"కూతురు ఒకతి ఉండాది, చిత్ర. బస్‌స్టాపు వెనకాల బాడుగకి ఉండాది. దెయ్యం తిరిగే ఇంట్లో ఎట్లుంటుంది చెప్పండి? అందుకే నేనే తాళం వేసుకున్నా."

జయలక్ష్మమ్మ ఆయన చేతిలోని తాళం వైపు చూసింది.

తోట పక్క గోడకి ఆనుకొని నిలబడి ఉంది జీపు. పచ్చటి పెయింటు నిగనిగలాడతా ఉంది. ఆ పాడులో అదొక్కటే పెండ్లికొడుకు మాదిరి ఉంది. రంజిత ఇంజను చూసింది, టైర్లు తన్ని చూసింది, ఎక్కి కూర్చొని ఫోర్ వీల్ గేరు వేసి తీసింది. గేరు మెత్తగా పడింది. ఒక్క క్షణం కళ్లు మూసుకొని గుట్ట మీద ఉన్నట్టు ఊహించుకుంది.

అప్పుడు వినిపించింది.

స్స్స్... సరసర... సరసర...

"వాన వచ్చిందా అత్తమ్మా?" అంది, మెల్లగా.

జయలక్ష్మమ్మ చెవి పెట్టి వినింది. అత్తిముగం ఊర్లో ఆమె పుట్టింటి వాళ్లు పట్టుపురుగులు పెంచినవాళ్లే. ఆ సద్దు పక్కనే పడుకొని పెరిగిన మనిషి. ముఖం తెల్లబోయింది.

"వాన కాదే... మేత. పురుగులు మేస్తా ఉండాయి."

రంజిత లైటు తిప్పింది. తట్టల మీద — కదలిక లేదు. పైకప్పు — ఏమీ లేదు. సద్దు మాత్రం ఆగలేదు. పక్కనే ఉన్నట్టు... కిందనే ఉన్నట్టు... అరికాళ్లకి సన్నగా తగులుతున్నట్టు...

"వచ్చేయండమ్మా!" బయటి నుంచి శ్రీరామప్ప కేక పెట్టినాడు. "మా వదిన వచ్చింది! వచ్చేయండి!"

రంజిత ఒక్క ఉరుకున దిగబోయి, జీపు తలుపు కింద అంచు మీద కాలు పెట్టింది. ఇనుము ఉండాల్సిన చోట కాలు లోపలికి దిగబడింది. ఫట్‌మని పచ్చటి పెంకు పగిలింది.

దాంట్లో నుంచి... పారినాయి.

గోధుమరంగు పురుగులు. ఒళ్లంతా వెంట్రుకలు. ఒకదాని మీద ఒకటి, ముద్దలు ముద్దలుగా, ఆమె పాదం మీద, మడమ మీద, ప్యాంటు లోపలికి. రంజిత అరిచిన అరుపుకి తట్టల్లో ఎలుకలు పరుగెత్తినాయి. దులుపుకుంటా, కాళ్లు నేలకేసి కొట్టుకుంటా బయటికి వచ్చి గోడ పక్కన కక్కుకుంది.

జయలక్ష్మమ్మ మాత్రం వంగి, ఆ బొక్కలో నుంచి బయటికి వేలాడుతున్న పీచుని రెండు వేళ్లతో లాగింది. పట్టుగూళ్లు. చితికినవి, మరకలు పట్టినవి, లోపల చచ్చిన పురుగుతో సహా. తుప్పు పట్టి బొక్కలు పడిన చోటల్లా వాటిని కుక్కి, పైన పుట్టీ పూసి, పెయింటు కొట్టించినారు. ఆ గూళ్లలోని చచ్చిన పురుగుల్ని ఈ పురుగులు తొలుచుకొని తింటా ఉన్నాయి. బోలు ఇనుములో ఆ సద్దు ఇల్లంతా మోగుతా ఉంది.

"ఈ గూళ్లు యాడివప్పా?"

"ఆడ పడి ఉన్నవే. చెత్తే కదమ్మా" అన్నాడు శ్రీరామప్ప. అని, ఒక్క నిమిషం ఆలోచించి, పకపకా నవ్వినాడు. "ఓరి దీనెమ్మా! పురుగులేనా? బండి ఈడ పెట్టించినాకే సద్దు మొదలైంది, మా వదిన అనుకొని ఇన్ని దినాలూ నేను లోపలికే రాలేదు!"

నవ్వు ఆపుకొని నుదురు తుడుచుకున్నాడు.

"సరే, మందు కొట్టించి, ఆ బొక్క మూయించేస్తా. బండి ఎప్పుడు తీసుకుంటారు?"

రంజిత ఆయన ముఖం చూసింది. కాలి మీద పాకిన పురుగుల కన్నా ఆ ముఖం ఎక్కువ రోత పుట్టించింది. గుట్ట మీద, బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు, వెనక నలుగురు కూర్చొని ఉండగా ఆ అడుగు ఊడి ఉంటే...

కారులో నుంచి స్పానర్ తెచ్చి, లోపలికి పోయి, ఆ జీపుని పక్కలూ అడుగూ ఎక్కడెక్కడ మెత్తగా తగిలితే అక్కడల్లా పొడిచింది. "నా బండి! నా బండి!" అని ఆయన అరుస్తానే ఉన్నాడు. అయినా గడప దాటలేదు, పురుగులకి భయపడి. ఇంకెవరూ దాన్ని చూసి మోసపోకుండా ఫోటోలు తీసి తన జీపుల గుంపులో అందరికీ పంపించింది.

"ఇంటికి పోదాం అత్తమ్మా. స్నానం చేయాల."

"ఉండు. చచ్చిపోయిన మనిషిని దెయ్యం చేసి, ఆమె బిడ్డని బయట పెట్టినాడు. ఆ పిల్లకి చెప్పి పోదాం."

బస్‌స్టాపు వెనకాల ఇల్లు వెతికి తలుపు తట్టినారు. చిత్ర అప్పుడే పనిలో నుంచి వచ్చినట్టుంది. ఇరవై దాటిన పిల్ల, చిక్కిపోయి ఉంది. జయలక్ష్మమ్మ చేయి పట్టుకొని అంతా చెప్పింది. "మీ అమ్మ యాడికీ రాలేదు బంగారూ. నువ్వు భయపడే పని లేదు. ధైర్యంగా పోయి నీ ఇల్లు నువ్వు అడుగు."

ఆ పిల్ల ముఖం తేటపడుతుందని ఇద్దరూ చూస్తా ఉన్నారు. తేటపడలేదు.

"ఆ జీపు... ఏ పక్క పెట్టినాడమ్మా?"

"తోట పక్క. గోడకి ఆనిచ్చి."

చిత్ర గడపలోనే కూర్చుంది.

"నాకు భయం లేదమ్మా. పని నుంచి వస్తా రోజూ ఆ గోడ దగ్గర కూర్చుంటా. బయటి నుంచి చెవి ఆనించుకొని... అమ్మ మేత వేస్తా ఉండాదని. అన్నీ చెప్పుకుంటా ఉంటి. నిన్న కూడా చెప్పినాను."

చిత్ర పైట కొంగు తీసుకొని కుడి చెవి తుడుచుకుంది. మళ్లా తుడుచుకుంది. చెవి ఎర్రగా కందిపోయినా... తుడుచుకుంటానే ఉంది.