కంకర మిల్లు గదిలో ఐదక్షరాలు

ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర, మా ఊరికి మళ్లే దారి మొదట్లో, మూతపడిన కంకర మిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక దాని ఆఫీసు గది వైపు చూడకూడదంటారు. అక్కడెవరూ చచ్చిపోలేదు. అయినా దెయ్యం దిగింది — అదీ ఇంగ్లీషు దెయ్యం.

మామూలు దెయ్యమైతే నాలుగు తిట్లు తిట్టి దాటిపోవచ్చు. దీన్ని ఏ భాషలో తిట్టాలి?

రాత్రి తొమ్మిది దాటితే ఆడగొంతు… "పి… ఆర్… ఐ… ఎన్… టి…" ఆగుతుంది. మళ్లీ "పి… ఆర్…" ఎప్పుడూ మొదట ఆ రెండే. ఎప్పుడూ మొత్తం ఐదే. ఆరో అక్షరం విన్నవాడు లేడు.

పూర్వం మా పెద్దలు దెయ్యాన్ని వాకిట్లోంచే తిప్పి పంపడానికి తలుపు మీద "రేపు రా" అని రాసేవాళ్లు. దీనికి తెలుగు రాదాయె! అందుకని పి, ఆర్‌లతో మొదలయ్యే ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఇంటికొకటి రాయాలని ఊరంతా తీర్మానించాం. చదువుకుని, తృప్తిపడి, దాని దారిన అది పోతుందని. బడిపిల్లల డిక్షనరీలు నలిగిపోయాయి. మంచి మాటలన్నీ ముందే ఎత్తుకుపోతే మా తలుపుకు 'ప్రాన్' మిగిలింది. అంటే రొయ్య. మా ఊళ్లో నీళ్లకే దిక్కులేదు, ఇక రొయ్యలు! గాబ్రియేలు మాత్రం 'ప్రే' అని నాలుగక్షరాలే రాసి, "ప్రార్థనకు లెక్కలేందప్పా?" అన్నాడు. మర్నాటికి జ్వరం. ఇక ఎవరూ నోరెత్తలేదు.

తర్వాతి సంగతి నాకు నాగరాజ్ చెప్పాడు. మా ఊరివాడే, కల్లూరు నుంచి ఊరికి షేర్ ఆటో తోలుతాడు. మాటలకు మీసాలు అతికించే మనిషే గానీ, ఇది చెప్పేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించాడు.

ఒక రాత్రి చివరి బేరం దింపి ఒక్కడే వస్తున్నాడు. సరిగ్గా మిల్లు ముందుకొచ్చాక ఆటో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కిటికీలో సన్నని వెలుగు…

"పి… ఆర్… ఐ… డి…"

ఆగింది. మళ్లీ మొదటినుంచి మొదలైంది. మళ్లీ నాలుగో అక్షరం దగ్గరే ఆగింది. మూడోసారీ అంతే. తర్వాత… ఏడుపు.

ఆ మాట నాగరాజ్ తలుపు మీదిదే. 'ప్రైడ్'. ఎర్ర పెయింటుతో తనే రాశాడు. భయంలో బుద్ధి ఎటు పోయిందో —

"ఈ!" అని అరిచేశాడు.

లోపల కెవ్వుమని కేక! ఆ కేకకు నాగరాజ్ ఆటో సీటు కిందికి దూరాడు.

"ఎవరు… దెయ్యమా?" లోపలి గొంతు వణికింది.

"నేను నాగరాజ్‌ను. నువ్వు కాదా దెయ్యం?"

బయటికొచ్చింది నరసన్న కోడలు మహాదేవి. ఒక చేతిలో సెల్లు లైటు, ఇంకో చేతిలో సిమెంటు సంచి కాగితం.

"ఈడేం చేస్తాండావమ్మా, ఈ పొద్దులో?"

"ఇత్తనాల కంపెనీలో మూటలు మోసి మోసి నడుము పడిపోయిందన్నా. లేబుల్ మిషన్ కాడికి ఒకరిని తీసుకుంటారంట. దాని బొత్తాల మీద ప్రింట్, ప్రెస్, ప్రైస్… అన్నీ ఒకే మాదిరి ఉంటాయి, అన్నీ ఐదే. ఒకదానికి ఇంకోటి నొక్కితే మళ్లా మూటల కాడికే. సోమారం పరీక్ష, కాగితం చూడకుండా చెప్పాల. బట్టీ పట్టినోళ్లను పట్టుకునేదానికి అట్లాంటి కొత్త మాటలు కూడా అడుగుతారంట."

"ఇంట్లో చదువుకోరాదా?"

"అత్త నవ్వుతాది. నేర్పిచ్చేవాళ్లు యాడుండారన్నా?"

నాగరాజ్ ఆ కాగితం చూశాడు. మా ఊరి తలుపులన్నీ దాని మీదే ఉన్నాయి. తెల్లవారుజామున నీళ్లకు పోతూ, ఇంటింటి ముందూ బిందె దించి, ఒక్కొక్క మాటా ఎక్కించుకుందట. మేం దెయ్యం చదవాలని రాశాం. చదువుతూనే ఉంది, పాపం.

"ఊళ్లో చెప్పొద్దన్నా," అని గుసగుసగా బతిమాలింది. "దెయ్యం లేదని తెలిస్తే తలుపులు తుడిచేస్తారు."

నాగరాజ్‌కు కళ్లు చెమర్చాయి. అది వాడే ఒప్పుకున్నాడు.

సోమవారం సాయంత్రం మహాదేవి ఆటో ఎక్కి, "లేబుల్ మిషన్ నాదేనన్నా!" అంది. వాడికి పట్టరాని సంతోషం. దిగేటప్పుడు మాత్రం మెల్లగా గొణిగింది. "పక్క మిషన్‌కు జీతం శానా ఎక్కువంట… దాని బొత్తాలకు ఆరక్షరాలంట."

మర్నాడు పొద్దున టీ అంగడి దగ్గర నాగరాజ్ ముఖం పాలిపోయినట్టు పెట్టి కూర్చున్నాడు.

"ఏమైందప్పా?" అన్నారు అందరూ.

"రాత్రి మళ్లా ఇన్నా… ఐదుతో దాని కడుపు నిండలేదంట. ఇంక ఆరు కావాలంట!"

మధ్యాహ్నానికల్లా ఊరి తలుపులన్నీ మారిపోయాయి. గాబ్రియేలు రెండక్షరాలు చేర్చి 'ప్రేయర్' చేశాడు. మా అమ్మ నన్నూ తొందరపెట్టింది. అసలు సంగతి నాగరాజ్ నా చెవిలో వేసి అప్పటికి గంటే అయింది. ఏమీ ఎరగనట్టు రొయ్యను చెరిపేసి, 'ప్రిన్స్' అని రాశాను.

ఈసారి కాస్త పెద్దగా, విడివిడిగా రాశాను. తెల్లవారుజామున చీకట్లో కూడా కనిపించాలి కదా.