తాళం తిప్పొద్దు

"ఇంజను నువ్వే పాడు చెయ్యాలి," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని ఆఫీసులో అందరూ పిచ్చుక అంటారు. సరిహద్దుకి అటూ ఇటూ పొలాల ఫోటోలు తీసే కంపెనీ పైలట్‌గా అతని వేషం. రెండు సీట్ల చిన్న విమానం అతనిది.

"అటువైపు ఫ్లయింగ్ క్లబ్ నడిపే మేడమ్ మన మనిషి. శత్రు ముఠా ఏజెంట్ల లిస్టు ఫిల్మ్ మీద ఉంది. నీకు ఇస్తుంది. నువ్వక్కడ రెండు రోజులు ఉండటానికి సాకు కావాలి."

"ఇగ్నిషన్?"

"అదే. అనుమానం రాకూడదు."

ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు రెండుంటాయి. ఒకటి చచ్చినా రెండోది ఇల్లు చేరుస్తుంది. కానీ తెలివున్న ఏ పైలటూ ఒక్కదాన్ని నమ్ముకుని ఎగరడు. పెన్నులో దాచిన సన్నటి ఆకురాయితో ఎడమ మాగ్నెటోలో నిప్పురవ్వని పుట్టించే పాయింట్లని పిచ్చుక తనే అరగదీశాడు. ఇంజను దగ్గుతుంటే విమానం క్లబ్ రన్‌వే మీద దిగింది.

అక్కడ విమానాలు బాగుచేసే మేస్త్రీ బక్కపలచటి ముసలాయన. ముక్కు మీద కళ్లజోడు, చెవి మీద పెన్సిలు. మాగ్నెటో విప్పి చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"పోయిన నెల దీన్ని సర్వీసు చేసింది నేనే కదా బాబూ?"

"అవును."

"అయితే ఇది నా తప్పే. పాయింట్లు సరిగ్గా అమర్చి ఉండను. గాల్లో ఆగిపోయుంటే? మీ ఇంట్లోవాళ్లకి నేనేం చెప్పుకునేవాణ్ణి?"

కాదు అనడానికి పిచ్చుక నోరు తెరిచాడు. చీఫ్ మాట గుర్తొచ్చి మూసుకున్నాడు.

"పోనీలే మేస్త్రీ. అందరికీ జరిగేదే," అన్నాడు.

మేస్త్రీ రెండు రోజులూ బెంచీ వదల్లేదు. అమర్చిన పాయింట్లే మళ్లీ విప్పి, మళ్లీ అమర్చాడు. "నా చేతులు వణుకుతున్నాయేమో, ఇక మానెయ్యాలేమో," అని తనలో తనే గొణుక్కున్నాడు. పక్కనే స్టూలు మీద కూర్చుని పిచ్చుక పేపరు చదువుతున్నట్టు నటించాడు. ఎంతోమందిని మోసం చేశాడు గానీ, మోసపోయినవాడే తిరిగి క్షమాపణ అడగడం ఇదే మొదటిసారి.

రెండో రోజు మేడమ్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, మెడలో పట్టు స్కార్ఫ్, ఆమడదూరం నుంచే సెంటు వాసన.

"పడమటి గాలి ఎలా ఉంది పైలట్ గారూ?"

"పొడిగా ఉంది మేడమ్."

కోడ్ కుదిరింది. స్పార్క్ ప్లగ్ అట్టపెట్టె ఒకటి అతని చేతికొచ్చింది. "మీ చీఫ్ స్వయంగా విమానం దగ్గరికొచ్చి తీసుకోవాలి. మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వద్దు," అంది నెమ్మదిగా. తర్వాత బెంచీ మీదికి వంగి నవ్వింది. "మేస్త్రీ, తాళం ఆఫ్ చేస్తే ఇంజను ఎలా ఆగుతుంది?"

మేస్త్రీ మొహం వెలిగింది. "తాళం ఆఫ్ చేసినప్పుడే మేడమ్, మాగ్నెటో వైర్లు రెండూ ఇంజను బాడీకి కలుస్తాయి. నిప్పురవ్వ అక్కడే చచ్చిపోతుంది."

"ఎంత బాగా చెప్పారు!"

మర్నాడు పొద్దున విమానం సిద్ధమైంది. కుడి మాగ్నెటో, ఎడమ మాగ్నెటో, రెండూ పరీక్షించాడు. ఇంజను వెన్నలా తిరుగుతోంది. రెక్క పక్కన నిలబడి మేస్త్రీ అరిచాడు, "నన్ను క్షమించు బాబూ! ఇంకెప్పుడూ ఇలా జరగదు!"

పిచ్చుక తల తిప్పుకుని థ్రాటిల్ తోశాడు.

గంటా పది నిమిషాల ప్రయాణం. కింద పొలాలు, కాలవలు, ఎండలో మెరిసే రేకుల కప్పులు. ఏవీ కంటికి ఆనలేదు. ఒక్క నిజం చెప్పుంటే ఏం మునిగిపోయేది? మిషన్ మునిగిపోయేది. మరి ఆ ముసలాయన జీవితాంతం తన చేతుల్ని తనే అనుమానిస్తూ బతకాలా?

సొంత రన్‌వే మీద దిగి హ్యాంగర్ ముందుకొచ్చేసరికి చీఫ్, వెనకే ఆఫీసులో సగంమంది నిలబడి ఉన్నారు. ఇంజను ఆపడానికి పిచ్చుక తాళం మీద చెయ్యి వేశాడు.

"ఆగండి!" హెడ్‌ఫోన్లో టవర్ కుర్రది కేక పెట్టింది. "తాళం తిప్పొద్దు! అటువైపు నుంచి ఎవరో పెద్దాయన ఫోన్లో ఉన్నారు. ఆయన మాటలు ఉన్నదున్నట్టు చెప్తున్నా. 'నా చెత్తడబ్బాలో ఎర్ర వైరు తొడుగులు దొరికాయి. నేను ఎర్ర వైరు వాడను. మేడమ్ తాళం వైర్ల గురించి ఊరికే అడగలేదు. తాళం ఆఫ్ చెయ్యకు బాబూ. పెట్రోలు కట్ చెయ్యి.'"

పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎర్ర నాబ్ పట్టి లాగాడు. పెట్రోలు అందక ఇంజను రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. తాళం అలాగే ఉంది.

"అందరూ వెనక్కి!"

సీటు కింద అరకిలో పేలుడు మందు దొరికింది. ఇంజను మొదలైన గంటకి మేలుకునే టైమరు, అక్కణ్ణుంచి తాళం దాకా ఎర్ర వైర్లు, తాళం ఆఫ్ చేస్తే పేలేలా. అట్టపెట్టెలో ఫిల్మ్ ఖాళీ.

"మేడమ్ మనకీ పని చేసింది, వాళ్లకీ పని చేసింది," అన్నాడు చీఫ్ నుదురు తుడుచుకుంటూ.

పిచ్చుక టవర్ మెట్లెక్కాడు. "మేస్త్రీ ఇంకేమన్నా అన్నాడా?"

"మేడమ్ పేలుడు కబురు కోసం ఊళ్లోకి వెళ్లిందట. ఫోన్ సంగతి తెలిస్తే తనని వదలదన్నారు. 'ఫర్వాలేదు, మొదటి తప్పు నాదే కదా' అన్నారు. లైను తెగిపోయింది."

పిచ్చుక కిందికొచ్చాడు. "మందు, వైర్లు తీసేశాక విమానం శుభ్రంగా ఉందా?"

"ఉంది. ఎందుకు?" అన్నాడు చీఫ్.

"ఆయన్ని తీసుకురావాలి."

"మన మనిషి కాదయ్యా ఆయన!"

"ఆయన తప్పు చెయ్యలేదు సార్. చేసింది నేను. చేయించింది మీరు."

చీఫ్ వాచీ చూసుకున్నాడు. "నేను భోజనానికి వెళ్తున్నా. ఇక్కడ ఏం జరిగిందో నేను చూళ్లేదు."

క్లబ్ రన్‌వే మీద చక్రాలు ఆనేసరికి గేట్లోంచి మేడమ్ నల్ల కారు దూసుకొస్తోంది. ఇంజను చప్పుడు గుర్తుపట్టి, పెట్రోలు డ్రమ్ముల వెనక నుంచి మేస్త్రీ బయటికొచ్చాడు. పిచ్చుక ఆయన్ని రెక్క మీదికి గుంజాడు. తలుపు సగం మూసుకోగానే విమానం పరుగెత్తింది. ముందు కారు అద్దం, తర్వాత గాల్లో ఎగిరిపోతున్న పట్టు స్కార్ఫ్, ఆ తర్వాత అన్నీ చీమలంత.

సరిహద్దు దాటాక పిచ్చుక నోరు విప్పాడు. ముసలాయన వైపు చూడలేకపోయాడు.

"మేస్త్రీ, ఆ పాయింట్లు మీరు పాడు చెయ్యలేదు. నేనే ఆకురాయితో రుద్దాను. రెండు రోజులు మీరు కుమిలిపోతుంటే చూస్తూ కూర్చున్నాను."

చెప్పేశాక ధైర్యం చేసి పక్కకి చూశాడు. మేస్త్రీ కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతుల్తో సీటు పట్టుకుని ఉన్నాడు. నలభై ఏళ్లు విమానాలు బాగుచేసిన మనిషి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి.

"ముందు నన్ను కిందికి దించు," అన్నాడు పళ్లు బిగించి. "నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది."

పిచ్చుక వీలైనంత మెల్లగా దిగడం మొదలుపెట్టాడు.