సిపాయి ఎటు చూస్తూ చచ్చిపోవాలి

ఎవరు ఎవరి ఒళ్ళో చచ్చిపోతే తనకేమని మేకప్ అమ్మాయి పొద్దుట్నుంచీ మనసుకు నచ్చజెపుతూనే ఉంది. అది వింటేగా!

తీస్తున్నది పాతకాలపు యుద్ధం సినిమా. సైనికులకు గాయాలు వేయడం ఆమె పని. మిగతావాళ్ళకి చిటికెలో అయిపోయే గాయం, ఆ పొడుగు సిపాయికి మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా పట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

ఇవాళ ఆ సిపాయి నర్సు ఒళ్ళో తలపెట్టి ప్రాణాలు వదులుతాడు. ఆ తర్వాత అతనికి ఈ సినిమాలో పని లేదు. రేపట్నుంచి కుర్చీ ఖాళీ.

"మేకప్పూ, మొహం అలా పెట్టావేం? చచ్చేది నేను కదా!" అన్నాడు కూర్చుంటూ.

"హాయిగా చావు. మెత్తటి ఒళ్ళు దొరికిందిగా."

"ఏదో మాడుతున్న వాసన..."

"నోర్మూసుకుని కదలకుండా కూర్చో."

అంతలో నర్సు వేషం వేసిన అమ్మాయి వచ్చి వెనక నిలబడింది. "కాస్త త్వరగా కానివ్వండక్కా. మా రిహార్సల్ ఉంది."

అక్కట! మహా అయితే ఆర్నెల్లు చిన్నది. పైగా 'మా' రిహార్సలట!

నర్సు అద్దంలో అతన్ని చూసి నవ్వింది. అతనూ అద్దంలోనే నవ్వాడు. మేకప్ అమ్మాయి కళ్ళు ఆ అద్దానికే అతుక్కుపోయాయి. చేతిలో బ్రష్ మాత్రం తన మానాన తను పోయింది.

సీను సగమయ్యాక డైరెక్టర్ గావుకేక పెట్టాడు. "నిన్న తూటా ఎడమవైపు తగిలింది. ఇవాళ రక్తం కుడివైపు కారుతోంది. రాత్రికి రాత్రి గుండె ఇల్లు మారిందా?"

గాయం తుడిచి మళ్ళీ వేయాలి. సీనంతా మళ్ళీ తీయాలి. అంటే ఆ తల ఆ ఒళ్ళోకి మళ్ళీ వెళ్ళాలి. చేజేతులా చేసుకుంది.

"నేను వేస్తుంటే చూడలేదా?" అంది పళ్ళు నూరుతూ, దూదితో తుడుస్తూ.

"చూశాను."

"మరి చెప్పొద్దూ?"

"మళ్ళీ వేస్తావు కదా అని..."

"మళ్ళీ ఆవిడ ఒళ్ళో పడుకోవచ్చనేగా!" ఆ దూదితోనే ఛాతీమీద గట్టిగా రుద్దింది. "అబ్బా!" అన్నాడు. ఆ రోజు మొత్తంలో అతను అంత సహజంగా బాధపడింది అప్పుడే.

రెండోసారి చావు మొదలైంది. ఈసారి ఆపింది నర్సు.

"సార్, చచ్చిపోయే మనిషి నన్ను చూడాలి కదా! పొద్దుట్నుంచీ పక్కకే చూస్తున్నాడు. నేనెవరికోసం ఏడుస్తున్నట్టు?"

డైరెక్టర్ ఆ చూపు వెంట తల తిప్పాడు. దాని చివర పౌడర్ పఫ్ పట్టుకుని మేకప్ అమ్మాయి నిలబడి ఉంది. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసిన మనిషాయన. విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఇలా రా తల్లీ. నర్సు భుజం వెనక కూర్చో, కెమెరాకి కనపడకు. ఏమయ్యా, ఈ అమ్మాయినే చూస్తూ చచ్చిపో. తెరమీద నర్సుని చూస్తున్నట్టే ఉంటుంది."

కూర్చుంది. పఫ్ చేతిలో నలిగిపోతోంది. అతను కళ్ళెత్తి చూశాడు. అంత తీరిగ్గా, అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు.

"యుద్ధం అయిపోయాక... పెళ్ళి చేసుకుందామనుకున్నాను," అన్నాడు. అది స్క్రిప్టులో ఉన్నదే.

"ఆదివారం మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. వస్తావా?" అని కూడా అన్నాడు.

అది లేదు.

నర్సు ఏడవడం మర్చిపోయింది. మేకప్ అమ్మాయి వస్తానని తలూపింది. ఊపిన తల కాస్తా ఫ్రేములోకొచ్చింది.

"కట్! తల్లీ, నీ తల! మళ్ళీ మొదట్నుంచి!"

సిపాయి నవ్వుతూ బుద్ధిగా నర్సు ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మేకప్ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

"ఆదివారం వస్తాలే గానీ," అంది గొంతు తగ్గించి, "ఈసారి కాస్త తొందరగా చావు."