గ్లాసులో తెల్లపొడి

కొడుకింటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే ఆమె ఆ తెల్లపొడిని చూసింది. కోడలు గ్లాసుడు మంచినీళ్ళలో రెండు చెంచాల పొడి వేసి, చుట్టూ చూసి, గబగబా కలిపి మొగుడి చేతికిచ్చింది. బస్సు నడిపే కొడుకు, ఒకప్పటి వాగుడుకాయ, కిక్కురుమనకుండా తాగేశాడు.

ఆమె నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకు వండిన మనిషి. "నీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అని జనం అంటే మురిసిపోయేది. ఆమె మొగుడు పంతాలన్నీ కంచం ముందే వదిలేసేవాడు. ఈ ఊరుగాని ఊళ్ళో కోడలు అంతకు మించిన విద్యే నేర్చినట్టుంది.

లేకపోతే దేశం దాటి వచ్చిన తల్లి వేపుడు చేసిపెడితే కొడుకు ముట్టుకోడా? కోడలు మెత్తగా రుబ్బిన ముద్దే తింటున్నాడు. సెలవంటూ డ్యూటీకి పోడు. ఏదడిగినా ముందు పెళ్ళాం మొహం చూసి, ఆచితూచి మాట్లాడతాడు.

మధ్యాహ్నం కోడలు మళ్ళీ ఆ పొడి డబ్బా తీసి గ్లాసులో కలపసాగింది.

"ఏం కలుపుతున్నావే వాడికి?"

కోడలు తడబడింది. "ఏం లేదత్తయ్యా... బలానికి."

"బలానికా! మందు పెట్టావు నా కొడుక్కి. నాకే వంటింటి విద్యలు నేర్పుతావా?"

గ్లాసు లాక్కుని సింకులో కుమ్మరించి, మామూలు నీళ్ళు పట్టి కొడుకు నోటికందించింది. "తాగు నాన్నా. అమ్మ ఇస్తోంది."

"వద్దత్తయ్యా!"

తల్లి మాట కాదనలేక అతను ఒక్క గుక్క మింగాడు. అంతే, పొలమారింది. ఊపిరాడక మొహం కందిపోయింది. కోడలు ఒక్క అంగలో వచ్చి అతన్ని ముందుకు వంచి పట్టుకుంది. దగ్గు తెరలు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"అది నీళ్ళని చిక్కబరిచే పొడి అత్తయ్యా," అంది కోడలు. "మూడు నెలల క్రితం ఈయనకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి, గొంతే ఇంకా కుదుటపడలేదు. పలచటివి తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాడు డాక్టరు."

"నేనే చెప్పొద్దన్నానమ్మా," అన్నాడు కొడుకు. "ఒక్కదానివే అక్కడ కుమిలిపోతావని."

ఆమెకు ఎదురుగా కోడలి భుజాల ఎముకలు జాకెట్టులోంచి తేలి కనిపించాయి. ఈ నాలుగు రోజుల్లో ఈ పిల్ల కూర్చుని తిన్నది ఒక్కసారీ చూడలేదని అప్పుడు తట్టింది.

కంచంలో అన్నం పెట్టి కోడలి ముందుంచింది. "కూర్చో."

"ముందు ఆయనకి నీళ్ళు..."

"నేనిస్తాగా. ఎన్ని చెంచాలో చెప్పు. తప్పు చేస్తే తిట్టు."

"రెండు," అంది కోడలు. "ఉండ కట్టకుండా తిప్పాలి."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ తిప్పసాగింది. వెనక కోడలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని బావురుమంది.