వినే రోలు

కెంపుపురంలో పిల్లల్ని నిద్రపుచ్చే పాట ఒక్కటే. దానికి మాటలు లేవు. ముక్కుతో తీసినట్టు సన్నటి రాగం, మధ్యలో నాలుక చప్పరించినట్టు రెండు చిన్న చప్పుళ్లు, మళ్లీ రాగం. అంగారకుడి మీద కట్టిన ఆ అద్దాల ఊళ్లో ఇరవై వేలమంది ఉంటే, ఇరవై వేలమందికీ అది నోటికి వచ్చు. అది మనుషులు కట్టిన పాట కాదనీ, కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి వాగు ఒడ్డున ఎవరో పాడుకున్నదనీ వాళ్ల నమ్మకం. ఆ పాటను రాయిలోంచి బయటికి తీసిన మనిషి నీరజాక్షి.

ఆమె నడిపే యంత్రం పేరు శ్రవణ పేషణి. ఊరంతా ముద్దుగా వినే రోలు అంటారు. నిజానికి అది ప్రయోగశాలల్లో ఎప్పట్నుంచో ఉన్న బాల్ మిల్లే. జార్‌లో శాంపిల్ పోసి, గట్టి గోలీలు వేసి, మూత బిగించి గిరగిరా తిప్పితే, గోలీల దెబ్బలకు రాయి పిండి అవుతుంది. ఆమె మేష్టారు పుండరీకం గారు కనిపెట్టింది ఆ పైది. గట్టి వస్తువు ఏదైనా తన దగ్గర పుట్టిన చప్పుళ్లను సన్నటి అదురుగా లోపల దాచుకుంటుందనీ, చిట్లేటప్పుడు వదిలేస్తుందనీ ఆయన తేల్చారు. ఆ అదురును పట్టి శబ్దంగా మార్చే చెవిని జార్‌కి అమర్చారు, యంత్రానికి మాటలూ నేర్పారు. ఒకటే చిక్కు. పిండైన రాయి రెండోసారి పలకదు.

అందుకని ఏ గోలీలు వెయ్యాలన్నది చిన్న సంగతి కాదు. ఉక్కు గోలీలు వేస్తే అరిగిన ఇనుము శాంపిల్‌లో కలుస్తుంది. అసలే ఇనుముతో నిండిన ఎర్ర రాళ్లు, ఏది దేని పలుకో తేలదు. జిర్కోనియా పింగాణీ గట్టిదే గానీ దాని సొంత మోత ఎక్కువ. ఇక మిగిలింది అగేట్ రాయి. పుండరీకం గారు భూమి నుంచి వచ్చేటప్పుడు జేబులో పెట్టుకుని తెచ్చిన పన్నెండు అగేట్ గోలీలు, అదే రాతితో చేసిన జార్. గ్రహం మొత్తానికి ఆ ఒక్క జతే ఉంది.

ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన పెట్టిన నియమాలు మాత్రం ఆ గదిలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జార్‌లో మూడో వంతు గోలీలు, మూడో వంతు శాంపిల్, మూడో వంతు ఖాళీ. ఎదురు బరువు సరిచూడకుండా మీట నొక్కకూడదు. గోలీలు చేతిలో ఉండగా నోరు మెదపకూడదు. ఈ నియమాన్ని ఆయనే పెట్టి, ఆయనే రోజుకి పదిసార్లు తప్పేవారు. తిరిగిన జార్‌ను చల్లారకముందు తెరవకూడదు, లోపల వేడిగాలి బిగబట్టుకుని ఉంటుంది. పడుచువయసులో ఓసారి తొందరపడి తెరిచినందుకు ఎగిరిన మూత ఆయన గడ్డం మీద మచ్చ పెట్టింది.

ఇంకోటి కూడా ఉంది. ప్రతి శాంపిల్‌కీ ముందు శుభ్రమైన ఇసుక పోసి తిప్పాలి. ఆ ఇసుక మూగగా ఉందని విన్నాకే అసలు రాయి వెయ్యాలి. ఆయన పోయాక నీరజాక్షి ఈ ఒక్కటీ మానేసింది. ఇసుక పోసినప్పుడల్లా గోలీలు కాస్త తరుగుతాయి. పదకొండేళ్లు ఆయన అరచేతిలో దొర్లిన గోలీలు తరిగిపోతుంటే ఆమెకు మనసొప్పలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో దాచుకునేది. వాగు దగ్గర దొరికిన మొదటి రెండు రాళ్లనూ అలాగే నూరింది. పాట వచ్చింది. ఊరు పరవశించిపోయింది.

ఇవాళ మూడో రాయి. ఇంక రాళ్లు లేవు. పొద్దున్నే దాన్ని మంచు పెట్టెలోంచి తీశారు. గాలి తగిలింది గనక సాయంత్రానికల్లా తనంతట తానే పొడి అవుతుంది. ఆలోగా ఊరంతా సభ చేరి వినాలని ఏర్పాటు.

"గోలీలు పన్నెండేనా అమ్మా?" అని అడిగింది యంత్రం.

"పన్నెండే."

"ఇసుక పరీక్ష చేసినట్టు లేదు. రెండేళ్లుగా లేదు. ఈసారి భూమి వాళ్లు అడిగారు."

"శుభ్రంగా తుడిచానుగా!"

"తుడవడం వేరమ్మా."

విసుక్కుంటూనే ఇసుక పోసి, మూత బిగించి, మీట నొక్కింది. మూగగా ఉండాల్సిన ఇసుక మెల్లగా రాగం తీసింది. మధ్యలో రెండు చిన్న చప్పుళ్లు. మళ్లీ రాగం.

నీరజాక్షి గబుక్కున మీట ఆపింది. "ఇదెక్కణ్ణుంచి వచ్చింది?"

"ఇసుక కొత్తది. పలికింది గోలీలు. అవి పైనుంచి అరుగుతాయి కదా, చివర విన్నది ముందు వస్తుంది. తిరగేసి వినిపించనా?"

ఆమె తలూపింది.

రెండుసార్లు నాలుక చప్పరించి, పుండరీకం గారు రోజూ అనే మాటే తీరిగ్గా అన్నారు: "చల్లారనీ, నీరజా. తొందరేముంది?"

ఊళ్లో పిల్లలందరూ ఆ మందలింపు వింటూ నిద్రపోతున్నారు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ప్రయోగశాల నడిపే సంస్థ పెద్ద ఇమ్మానుయేలు గారిని పిలిపించి అంతా చెప్పింది.

"నా మనవరాలు ఆ పాట లేనిదే నిద్రపోదమ్మా" అన్నారాయన. "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ."

"మూడో రాయిలో నిజంగా ఎవరైనా ఉంటే సార్? మా మేష్టారి గొంతు కింద వాళ్ల గొంతు నొక్కేద్దామా?"

"మరి గోలీలు?"

బదులు యంత్రం చెప్పింది. "పూర్తిగా అరగదియ్యాలి. నెమ్మదిగా, వింటూ తీస్తే ఏడాది పడుతుంది. జోరుగా తిప్పితే మూడు గంటలు. ఆ జోరులో నా చెవి పనిచెయ్యదు."

అంటే పదకొండేళ్ల మాటలు, కోపాలు, కూనిరాగాలు, ఎవరూ వినకుండానే పిండైపోతాయి. నీరజాక్షి కిటికీలోంచి బయటికి చూసింది. గులాబీ రంగు ధూళి నింపాదిగా తేలుతోంది. ఆయన ఉంటే ఏమనేవారో ఆమెకు తెలుసు. అదే ఆమె బాధ కూడా.

ఇసుక పోసి, ఎదురు బరువు సరిచూసి, జోరు పెంచింది. మూడు గంటలూ పక్కనే కూర్చుంది. జార్ ఆగాక ఆయన చెప్పినట్టే చల్లారేదాకా ఆగి మూత తీసింది. గోలీలు కొంచెం చిన్నవై, కడిగిన ద్రాక్షపళ్లలా నిగనిగలాడుతున్నాయి. కొత్త ఇసుకతో ఇంకోసారి తిప్పి చూస్తే చడీ చప్పుడూ లేదు. ఆయన లేరు.

గోలీలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టింది. నోరు మెదపలేదు. పన్నెండోది లెక్కపెట్టాక మాత్రం గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. వాటిని జార్‌లో వేసి, వాటి పక్కనే రాయినీ పెట్టి, మూత బిగించింది.

సాయంత్రమైంది. అంగారకుడి మీద సూర్యుడు నీలంగా అస్తమిస్తాడు. ఆ నీలపు వెలుగులో సభంతా నీటి అడుగున ఉన్నట్టుంది. ఇమ్మానుయేలు గారు ముందు వరసలో కూర్చున్నారు. నీరజాక్షి మీట నొక్కింది. పాట రాలేదు. ఎంతోసేపటికి, రాయి చివరి పలుకులు పిండి అవుతూ గోలీలు ఒకదాన్నొకటి రాసుకుంటుండగా, ఒక వెక్కు వినిపించింది. ఎవరో ఏడుపు మింగుకున్నట్టు ఉంది.

సభ కదిలిపోయింది. "ఎవరో ఏడుస్తున్నారు" అన్నారొకరు. "పాపం, ఏ తల్లో" అన్నారింకొకరు. ఇమ్మానుయేలు గారు కళ్లు తుడుచుకుంటున్నారు. రేపటికి ఆ ఏడుపుకో కథ పుడుతుంది, కథకో పండగ పుడుతుంది. నీరజాక్షి ఊరుకుంటే చాలు.

ఏడుపును తిరగేసినా ఏడుపులాగే ఉంటుంది. ఆమె గుర్తుపట్టింది.

లేచి నిలబడింది. "ఆ ఏడ్చింది నేనండీ" అంది. పాట సంగతీ, ఇసుక సంగతీ, పుండరీకం గారి సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది.

వెనకాల ఒడిలో పాపతో ఉన్న ఒకావిడ మెల్లగా అడిగింది. "అయితే అమ్మా, ఆ రాయిలో ఎవరూ లేరా?"

నీరజాక్షి జార్‌లోని ఎర్రటి పిండి వైపు చూసింది.

"తెలీదమ్మా" అంది. "ఉంటే గనక, వాళ్లు మాట్లాడుతుండగా నేను అడ్డొచ్చాను."