అందమైన బొమ్మ, తొక్కకండి

బడి వదిలేసరికే చెప్పుల కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. పెన్సిల్ దూరం నుంచే చూసి మొహం ముడుచుకుంది.

ఎప్పుడూ బొమ్మలు గీస్తుంటుంది కాబట్టి బడిలో ఆ అమ్మాయిని అందరూ పెన్సిల్ అనే పిలుస్తారు. చెప్పుల కొట్టు వాళ్ల నాన్నదే. కొట్టు ముందున్న ఫుట్‌పాత్ మీద బొమ్మ వేయడానికి బడిలో పోటీ పెట్టారు. పెన్సిల్ గీసిన పూలతోట గెలవలేదు. గంతులు అనే అమ్మాయి గీసిన అడుగులు గెలిచాయి.

గంతులు పక్క బెంచీ అమ్మాయి. నిలబడమంటే గెంతుతుంది, అందుకే ఆ పేరు. ఆమె గీసిందల్లా కప్ప అడుగులు, బాతు అడుగులు, ఏనుగు అడుగులు. అవీ వంకర టింకరగా! మునిసిపాలిటీ పెయింటర్ వాటినే పెద్దవి చేసి పసుపు, నీలం రంగుల్లో వేశాడు.

ఇప్పుడు పిల్లలు కప్పల్లా గెంతుతున్నారు. ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఒకాయన, ఎవరూ చూడట్లేదనుకుని ఏనుగులా నడిచాడు.

"నీ స్నేహితురాలు గట్టిదేనమ్మా," అన్నాడు నాన్న. "ఇన్నాళ్లూ జనం బస్సులకు అడ్డంపడి రోడ్డు మీద నడిచేవాళ్లు. ఇప్పుడు మన గుమ్మం ముందు కాళ్లు చూసుకుంటూ పోతున్నారు. కాళ్లు చూసుకున్నవాడికి చెప్పులు గుర్తురావూ!"

పుండు మీద కారం చల్లినట్టయింది పెన్సిల్‌కి. సొంత నాన్న కూడా అటే!

"గీతలు తిన్నగా కూడా లేవు," అంది.

"నడిచే కాళ్లకు గీతలతో పనేంటి?" నాన్న నవ్వాడు.

కుళ్లు వడ్డీ లాంటిది. మనం నిద్రపోయినా అది పెరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి పెన్సిల్ బుర్రలో ఒక ఉపాయం తయారైంది. బొమ్మను చెరిపితే తిడతారు. పొగిడితే ఎవరు తిడతారు?

చెప్పుల పెట్టె అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: 'అందమైన బొమ్మ. దయచేసి తొక్కకండి.' చుట్టూ పూలు గీసి, అడుగులు మొదలయ్యే చోట నిలబెట్టింది. ఆ రోజు సెలవు. నాన్న సరుకు కోసం వెళ్లాడు. కొట్లో కూర్చున్న బాబాయి ఫోన్‌లోంచి తలెత్తడు.

ఉపాయం పారింది. చదివినవాళ్లంతా "అయ్యో, నిజమే," అని పక్కకు తప్పుకున్నారు. పక్కన చోటెక్కడిది? మళ్లీ రోడ్డు మీదికే దిగారు. ఒక అవ్వ దిగబోయి, బస్సు హారన్‌కి ఉలిక్కిపడి స్తంభం పట్టుకుంది. పెన్సిల్ చూపు తిప్పుకుంది.

సాయంత్రం గంతులు వచ్చింది. అట్ట చూసి ఆగిపోయింది.

"ఇవి నీ అక్షరాలే! నా బొమ్మ పాడవకూడదని పెట్టావా?" ఆమె మొహం వెలిగిపోయింది. "నా మీద కోపమేమో అనుకున్నానే. పోటీ అయినప్పటి నుంచి మాట్లాడట్లేదు కదా."

పెన్సిల్ తల దించుకుని అట్ట మీది పూలను చూసింది.

అప్పుడే పెయింటర్ రంగు డబ్బాలతో వచ్చాడు. అడుగుల్ని బడి గేటు దాకా పొడిగించడానికి వచ్చినవాడు, ఖాళీ ఫుట్‌పాత్ చూసి డబ్బాలు కింద పెట్టనేలేదు.

"ఇదేంటి, అందరూ రోడ్డు మీదున్నారు? నడుస్తారనే కదా వేసింది! వద్దంటే చెప్పండి, వేరే వీధికి పోతా. ఎవరు పెట్టారిది?"

"తననేమీ అనొద్దు అంకుల్," గంతులు అడ్డం వచ్చింది. "నా మంచి కోరి పెట్టింది. గేటు దాకా వేయకపోయినా... పర్లేదు."

పెన్సిల్ కోరుకున్నదంతా చేతికొచ్చింది. అడుగులు ఇక్కడితో ఆగిపోతాయి, పైగా మంచిపేరు. నోరు మూసుకుంటే చాలు. ఇంత లాభసాటి బేరం ఎవరికి దొరుకుతుంది? కానీ గంతుల కళ్లలో నీళ్లు చూశాక ఆ బేరం గిట్టలేదు.

"నీ మంచి కోరి కాదు," అంది పెన్సిల్. "ఎవరూ నడవకూడదనే పెట్టాను. అది నా బొమ్మ కాదు కదా, అందుకని."

ఎప్పుడూ గెంతే గంతులు కదలకుండా నిలబడింది.

పెన్సిల్ అట్టను రెండుగా మడిచి చంకలో పెట్టుకుంది. వీధంతా చూస్తుండగా కప్ప అడుగుల మీదికి గెంతింది. బాతు దగ్గర కాలు తడబడి కూలబడింది. బాబాయి కూడా ఫోన్ వదిలేసి నవ్వాడు.

"అలా కాదే మొద్దూ! బాతు దగ్గర వేళ్లు బయటికి తిప్పాలి," అంది గంతులు. గొంతులో కోపం ఇంకా ఉంది.

పెన్సిల్ చెవులు ఎర్రబడ్డాయి. "ఎలా? చూపించు."

గంతులు ముందు నడిచింది. పెయింటర్ డబ్బాలు కింద పెట్టాడు. వేళ్లు బయటికి తిప్పుకుని, ఆమె వెనకాలే పెన్సిల్ నడిచింది.