అత్తమ్మ కాదన్న రోజు

"నాతోని కాదు బిడ్డా... ఇగ నాతోని కాదు!"

జంగమ్మ నోటి నుంచి ఆ మాట వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. హైదరాబాద్‌లో జర్మన్ భాషలో ఎమ్మే చదువుతూ శనివారాలు మాత్రమే కొత్తకోటకు వచ్చే కోడలు శైలజ, ఆ రోజు బస్సు దిగి పరుగు పరుగున ఇల్లు చేరింది. జర్మనీలో రెండు నెలలు చదువుకోవడానికి ప్రయాణ స్కాలర్‌షిప్ వచ్చిందట! విమానం టికెట్టు, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారట. వచ్చేదీ రానిదీ సోమవారంలోగా చెప్పాలట.

"దానికేముంది, అమ్మ ఉన్నది గద! పాపను చూసుకుంటది," అన్నాడు ఆమె భర్త రవి, గ్రీజు చేతులు తుడుచుకుంటూ. హైవే పక్కన లారీల మెకానిక్ షెడ్డు అతనిది.

అమ్మ ఉన్నది గద! ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ప్రతిదానికీ అదే జవాబు. మూడేళ్ళ మన్వితకు జ్వరమొస్తే దవాఖానకు అమ్మ. నీళ్ళకు అమ్మ. వంటకు అమ్మ. వారమంతా పాపను చంకనేసుకుని తిరిగే ఆ మనిషికీ మోకాళ్ళున్నాయని, అవి పొద్దున్నే మంచం దిగనివ్వడం లేదని ఎవరికైనా పట్టిందా...? అందుకే ఈసారి కాదనేసింది. కానీ కోడలి రాత చెడగొట్టిన పాపిష్టిదాన్నయ్యానా అని మరోపక్క గుండె పీకుతోంది!

ఆదివారం మధ్యాహ్నం పాపను నిద్రపుచ్చుతుంటే బయటి నుంచి శైలజ గొంతు వినిపించింది. ఫోన్‌లో వాళ్ళ మేడంతో మాట్లాడుతోంది.

"రాలేను మేడం... వేరేవాళ్ళకియ్యండి... లేదు మేడం, మా అత్తమ్మ వద్దనలే! నేను చదువుతున్ననంటే ఆమె పుణ్యమే. ఆమె అలసిపోయింది మేడం... నాకే ఇన్నాళ్ళు కనబడలే..." ఆ పైన ఏడుపే!

జంగమ్మ నిలువునా కరిగిపోయింది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆమెను గురించి ఎవరూ అనని మాట... అలసిపోయింది అని! గోడ పట్టుకుని లేచి వచ్చి, కోడలి చేతిలోని ఫోన్ తీసుకుంది.

"మేడం, నేను శైలజ అత్తను. మా కోడలు వస్తది! పేరు తియ్యకుండ్రి."

"అత్తమ్మా!" శైలజ ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "మీ పానం బాగలేదు. నేను పోను..."

"నాతోని కాదన్న. నిన్ను పోవద్దన్ననా? పిల్లకు తండ్రి లేడా?" అంటూ, అప్పుడే అన్నానికి వచ్చిన కొడుకు వైపు తిరిగింది. "రవీ! రేపటి సంది పిల్లకు తానం పోసుడు, తినిపిచ్చుడు, అంగన్‌వాడీల దించుడు నీ పని. గవి అయినంకనే షెడ్డు."

"నాకేం తెల్వదమ్మా..."

"నాకు పుట్టంగనే తెలుసా? నేర్చుకో!"

రవి ఏదో అనబోయి, వాచిన తల్లి మోకాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు. "సరే అమ్మా..." అన్నాడు.

మరుసటి నెల శైలజ విమానం ఎక్కింది. తెల్లవారి జంగమ్మకు అలవాటుగా మెలకువ వచ్చింది. బయట పాప ఏడుస్తోంది. "జర ఆగు బిడ్డా, కండ్లల్ల సబ్బు పోనియ్య..." రవి బతిమాలుతున్నాడు. ఆమె లేవబోయింది... ఆగింది. కాసేపటికి ఏడుపు నవ్వయింది.

జంగమ్మ దుప్పటి భుజాల దాకా లాక్కుని, అటు తిరిగి పడుకుంది.